ఎంగిలి సోకని దారం

కంటికి ఆపరేషనయ్యాక డాక్టరు నెల రోజులపాటు సూదీ దారం ముట్టొద్దన్నాడు. నెల నిండిన మర్నాడే మనవరాలి జాకెట్టు హుక్కు ఊడిందంటే, ఎవరూ అడక్కుండానే ముందుకు దూకాను. దారం కొస నోట్లో పెట్టుకుని తడిచేసి, వేళ్ళతో నలిపి, ఒక్క దెబ్బకి బెజ్జంలోకి ఎక్కించేసరికి నాకే గర్వమేసింది. ఆ పిల్ల మాత్రం ముఖం చిట్లించి, "ఏంది అవ్వా, అంతా ఎంగిలి చేసేస్తివి" అంది. గవర్నమెంటు ఆఫీసులో ఉద్యోగం దానికి. అక్కడి క్యాంటీనులో ఎవరి గ్లాసుతో ఎవరు తాగుతారో ఆ దేవుడికే ఎరుక, నా నోటి తడి మీద మాత్రం ఎక్కడలేని పట్టింపు. నవ్వొచ్చింది. సూది దగ్గర నాకు ఎంగిలి పాఠం చెప్పే హక్కు ఒక్క మనిషికే ఉండేది. ఆయన మా మామ.

మామ అంటే నా పెనిమిటి తండ్రి. నేను పదహారేళ్ళకి కోడలిగా వచ్చేనాటికి కోసపాళయంలో మా ఇంటి వీధి గదే ఆయన కుట్టు గది. అది ఫ్రెంచి వాళ్ళ దొరతనం, మొదటి పెద్ద యుద్ధం ఇంకా రాలేదు. కోర్టు వకీళ్ళ నల్లగౌన్లూ, సుంకం ఆఫీసు దొరల కోట్లూ అన్నీ ఆయన చేతి కిందనే సాగేవి. ఇంట్లో తెలుగు, బజారులో అరవం, కొలతలు తీసేటప్పుడు ఫ్రెంచి. అదీ మెడ నుంచి మోకాలిదాకానే. భుజం, చంక, నడుము, తొడ, వీటన్నిటికీ ఆయన దగ్గర చక్కటి ఫ్రెంచి మాటలుండేవి. వచ్చిన దొర వాన గురించి మాట్లాడితే మాత్రం నోరు తెరిచి చూసేవారు. మిషను ఆయనది, చేతికుట్టు ఇంటి ఆడవాళ్ళది. కాజాలూ, అంచులూ, పట్టీలూ అన్నీ అత్తా నేనూ కుట్టేవాళ్ళం. మా నాన్న పట్టుబట్టి నేర్పించాడు కాబట్టి ఇవాళ ఈ నాలుగు ముక్కలూ తెలుగులో రాయగలుగుతున్నాను గాని, మా అత్తవారింట్లో భాష నోటికే తప్ప చేతికి రాదు. వాళ్ళ చేతికి వచ్చిందల్లా సూదే, అది మాత్రం మహా గొప్పగా వచ్చింది.

మామ దగ్గరికి వచ్చే తెల్లవాళ్ళలో ఒకాయన వేరుశనగ కొని మార్సేయి రేవుకి ఓడల మీద పంపే వర్తకుడు. కిరుమాంబాక్కం వైపు రైతులంతా ఆయన్ని మల్లాకొట్ట దొర అనేవాళ్ళు, వేరుశనగని ఇక్కడ మల్లాకొట్ట అంటారు. మేం ఇంట్లో ముస్సే అనేవాళ్ళం, ఫ్రెంచిలో అయ్యగారని. తెల్లవాడన్నాక ఆదివారం గుడికి పోతాడనుకుంటాం కదా, ఈయన పోడు. శనివారం మాత్రం కాగితం ముట్టడు, కొట్టు తలుపు తీయడు. యూదులంటే ఎవరో మాకు తెలిసింది ఆయన వల్లనే. ఒకనాడు ఆయన చివికిపోయిన ఉన్ని శాలువా ఒకటి తెచ్చి మామ ముందు పరిచాడు. వాళ్ళ నాన్నదట, ప్రార్థన చేసేటప్పుడు కప్పుకునేదట. తెల్లటి గుడ్డ, నల్ల చారలు, నాలుగు మూలలా దారాల కుచ్చులు. కుచ్చులు వేయడం, ముడులు కట్టడం వాళ్ళ పని, మనం చేయకూడదు. అంచు మడిచి కుట్టడం, మూలలు చిరగకుండా చదరపు అతుకులు వేయడం, మెడ దగ్గర పట్టు పట్టీ పెట్టడం మన పని. మామ ఆ పాత శాలువాని రెండు రోజులు తిప్పి తిప్పి చూసి, కుట్టు కుట్టూ లెక్కపెట్టి మరీ కొత్తది తయారుచేశారు. అది చూసి మద్రాసులో రత్నాలమ్మే ఆయన బంధువు ఒకడు తనకూ కావాలన్నాడు, ఆ తర్వాత ఒక ఓడ వైద్యుడు పండగకి వేసుకునే తెల్లని పొడుగంగీ కుట్టించుకున్నాడు. ఏడాదికి నాలుగో అయిదో అంతే, కానీ ఆ పని వచ్చిన రోజున మామ తలకి పోసుకుని గాని కత్తెర పట్టేవారు కాదు.

వాళ్ళు పెట్టిన నియమం ఒక్కటే. గొర్రె ఉన్నికీ అవిసె నారకీ పొత్తు కుదరదు, ఒక్క కుట్టు కలిసినా ఆ బట్ట కప్పుకోరాదు. ఎందుకని మామ అడిగితే, ముస్సే భుజాలెగరేసి, దేవుడు కారణం చెప్పలేదన్నాడట. ఆ జవాబు మామకి తెగ నచ్చింది. "కారణం చెప్పని నియమమే నిజమైన నియమం" అని ఇంటికొచ్చే వాళ్ళందరికీ చెప్పేవారు. దానికి తోడు తన నియమం ఒకటి చేర్చారు. దేవుడి గుడ్డకి ఎంగిలి సోకకూడదు కాబట్టి, దారాన్ని నోట్లో పెట్టి తడపకూడదు! పక్కన గిన్నెలో నీళ్ళు పెట్టుకుని అందులో ముంచి ఎక్కించుకోవాలి. ఈ సంగతి ఆ ముస్సేకి చెప్పనూ లేదు, ఆయన అడగనూ లేదు. ఆ శాలువాలు కుట్టేది నూలు దారంతో, అది నోటికి లొంగినట్టు నీళ్ళకి లొంగదని కుట్టే ఆడవాళ్ళందరికీ తెలుసు. కొస చీలిపోతుంది, దూదిలా రేగుతుంది, బెజ్జం ముందు నిలబడి మనల్ని వెక్కిరిస్తుంది.

నాకు పందొమ్మిదేళ్ళప్పుడు, ముస్సే ఇక్కడి వ్యాపారం చుట్టబెట్టి శాశ్వతంగా తన దేశం పోవడానికి సిద్ధమయ్యాడు. సొంత ఊళ్ళో మిగిలిన జీవితమంతా రోజూ పొద్దున కప్పుకోవడానికి ఒక శాలువా కావాలన్నాడు. మూలల అతుకులు కుట్టే పని మామ నాకు అప్పగించారు. మూడు మూలలు బాగానే సాగాయి. నాలుగో మూల దగ్గర నూలు నన్ను ఏడిపించింది. గిన్నెలో పదిసార్లు ముంచాను, పదిసార్లూ రేగింది. నోట్లో పెట్టుకుంటే క్షణంలో పని, కానీ మామ మాట. ఎదురుగా కోట్ల బొత్తాలకి వాడే సీమ దారం ఉండ కనిపించింది. మైనం పట్టించిన దారం, పుల్లలా నిటారుగా ఉంటుంది, తడిలేకుండానే దూరిపోతుంది. నియమం కాపాడానన్న సంబరంతో నాలుగో మూల దాంతో పూర్తిచేశాను. అవిసె నార అంటే పూలు కట్టే అరటినారలాంటి ముతక సరుకేదో అని నా ఊహ, మా ఇంట్లో అలాంటిది లేనే లేదు కదా అని నా ధీమా.

శాలువా ఇచ్చేసిన నాలుగో రోజు మధ్యాహ్నం దారాలమ్మే ఆయన వచ్చాడు. అదే సీమ దారం ఉండ మామ చేతిలో పెట్టాడు. మామ కొస పురి విప్పి, వెలుతురుకి పట్టి, "నూలైతే పొట్టిగా దూదిలాగుంటాది, ఇది చూడు, ఎంత పొడుగు పోగో! నిఖార్సైన అవిసె నార" అన్నారు. ముస్సే ఓడ మర్నాడు పొద్దున్నే. నేను నోరు మెదపకపోతే ఆ శాలువా సముద్రం దాటిపోతుంది, ఏ మనిషికీ తెలియదు. చెబితే మామ ఇన్నేళ్ళు సంపాదించుకున్న పేరు పోతుంది, పోగొట్టిన కోడలిగా ఆ ఇంట్లో నేను బతకాలి. దారాలాయన గడప దాటేదాకా గోడ పట్టుకుని నిలబడ్డాను. తర్వాత చెప్పేశాను. ఏడుస్తూనే చెప్పాను.

మా అత్త ముందు తేరుకుంది. "ఆయన ఓడెక్కి పోతాడు, ఎవురికి తెలుస్తాది? గమ్మునుండండి ఇద్దురూ" అంది.

మామ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "వాళ్ళ దేవుడికి ఎట్టాగూ తెలుసు, మనకూ తెలిసె. తెలియంది ఆ మనిసి ఒక్కడికే గదా" అన్నారు. నాకేసి తిరిగి, "నూలు ఉండా, సూదులూ, గిన్నే తీసుకో అమ్మాయీ" అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. తిట్టుంటే బావుండునని దారి పొడుగునా అనుకున్నాను.

ముస్సే ఇల్లు కాలవకి అవతల, దొరల వీధుల్లో. నడవంతా పెట్టెలు, తాళ్ళు. మామ గుమ్మంలోనే చేతులు కట్టుకుని, "తప్పు జరిగింది ముస్సే, నాలుగో మూల అవిసె దారంతో కుట్టేసినాం" అని అరవంలో చెప్పారు. నా పేరెత్తలేదు. ముస్సే ముఖం పాలిపోయింది. పెట్టె తెరిచి శాలువా తీశాడు, అప్పటికే కుచ్చులు కట్టుకున్నాడు, మూడు పొద్దులు కప్పుకున్నాడు కూడా. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నియమం అంత బాగా తెలిసినవాడివి, నీ చేతిలో ఎట్లా జరిగిందని అడిగాడు. ఇక ఆగలేక నేనే ముందుకొచ్చి, కుట్టింది నేనని, నూలు నీళ్ళకి లొంగలేదని, నోట్లో పెట్టకూడదు కనుక ఆ దారం తీశానని గుక్కతిప్పుకోకుండా చెప్పాను.

"నోట్లో ఎందుకు పెట్టకూడదు?" అన్నాడాయన.

ఎంగిలంటే ఏమిటో ముస్సేకి నచ్చజెప్పడానికి మామ పడిన పాట్లు చూడాలి. గ్లాసు, విస్తరి, దేవుడి నైవేద్యం, అన్నీ అయ్యాయి. అర్థమయ్యాక ముస్సే కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. తన దేవుడికి ఆ పట్టింపు లేదన్నాడు. ఇన్నేళ్ళూ తన శాలువాలకి మామ నోటి తడి తగలనివ్వలేదని తనకెందుకు చెప్పలేదన్నాడు. "మీరు అడగలా గదా" అన్నారు మామ.

కుచ్చుల ముడులు కదలకుండా ఆ మూల కుట్లన్నీ మామ విప్పారు. ఒక్కో పోగూ నా అరచేతిలో పెట్టి లెక్క చెప్పించారు. నేను గిన్నెలో నూలు ముంచి సూదితో కుస్తీ పడుతుంటే ముస్సే చెయ్యి చాచి సూదీ దారం తీసుకున్నాడు. కొస తన నోట్లో పెట్టుకుని తడిపి, ఒక్కసారికి ఎక్కించి మామకి అందించాడు. ఇంట్లో సొంత కొడుకు తాగిన చెంబు కడగకుండా ముట్టని మనిషి మామ. ఆ సూది వైపు ఒక్క క్షణం చూశారు. "ముస్సే గుడ్డ, ముస్సే ఎంగిలి, నడుమ మనకేంది" అంటూ తీసుకుని కుట్టడం మొదలుపెట్టారు. ఒకటి అయిపోయేలోగా ముస్సే ఇంకోటి ఎక్కించి కుర్చీ చేతికి గుచ్చి పెట్టేవాడు. మల్లాకొట్ట దొర మా మామకి దారం అందించడం నేను కళ్ళారా చూశాను. దీపాలవేళకి ముందే పని ముగిసింది. ముస్సే మూల నాలుగువైపులా వేలితో తడిమి, శాలువా కప్పుకుని మామ ముందు నిలబడ్డాడు. మామ అలవాటు చొప్పున వెనక్కి వెళ్ళి భుజాల దగ్గర సర్దారు.

ఆ తర్వాత మద్రాసు నుంచి పని వచ్చినప్పుడల్లా, వచ్చినవాళ్ళకి మామ చెప్పే మొదటి మాట ఒకటే. "నూలు చూసేది మా కోడలే. ఆమె చూసిందంటే ఇంకెవురూ చూడబళ్ళా." తప్పు చేసిన చేతికే తాళంచెవి ఇచ్చిన మనిషి ఆయన. అంత పెద్ద మనసు నా జీవితంలో మళ్ళీ చూడలేదు.

ఆనాటి మామ వయసు దాటిపోయి నాకే ఇరవై ఏళ్ళు అవుతోంది. ముస్సే ఆ శాలువా మహా అయితే ఒక పదేళ్ళు కప్పుకుని ఉంటాడు. ఆ మధ్యాహ్నం గోడ పట్టుకుని అలాగే ఊరుకుని ఉంటే, నేను దాన్ని ఇవాళ్టికీ మోస్తూ ఉండేదాన్ని.