నేను పడలేదు

మొన్న శ్రావణమాసం రెండో శుక్రవారం, ఉదయం తొమ్మిదీ పదికి, నేను పడిపోయానని నా చేతి గడియారం నా కూతురికి ఫోను చేసి చెప్పింది. నేను పడలేదు. దొడ్లో పాతిన గునపం మీద కొబ్బరికాయలు ఒలుస్తున్నాను. ఊహ తెలిసినప్పటి నుంచీ నా పని అదే.

గడియారం అల్లుడుగారు తెచ్చారు. అది చేతికి లేకపోతే ఒలుపు మానెయ్యాలని కూతురి ఆంక్ష. మానేసి అరుగు మీద ఈగలు తోలుకోవాలా?

కాయని రెండు చేతులా ఎత్తి గునపం మీదికి బలంగా దించాలి. దించాను, గడియారం జివ్వుమంది. అద్దం మీద తెలుగులో ఏదో వచ్చింది. నేను అక్షరాలు నేర్చింది యాభై దాటాక, వయోజనుల బడిలో. కూడబలుక్కుని చదువుతాను. "మీరు గట్టిగా పడి" దాకా వచ్చేసరికి అక్షరాలు పోయి కూతురికి ఫోను వెళ్లిపోయింది. అడిగినవాడు జవాబు వినేదాకా ఆగొద్దా?

పక్క వీధి నుంచి కూతురు పిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది. కార్లు బాగుచేసే షెడ్డు నుంచి అల్లుడుగారు వచ్చారు. మంచినీళ్ల చెంబుతో ఎదురింటి చెల్లెమ్మ వచ్చింది.

"ఇంక ఒలుపు వద్దు నాన్నా."

"పడింది కాయే. నేను కాదు."

"దాని తప్పు లేదండి మావయ్యగారూ," అన్నారు అల్లుడుగారు. "లోపల మెమ్స్ అని బియ్యపు గింజంత బిళ్ళ ఉంటుందండి. చెయ్యి విసురుగా దిగి ఆగితే పడ్డారనుకుంటుంది. కారు గుద్దుకుంటే గాలిసంచి తెరిపించేది అలాంటిదే. ఫోను తిప్పితే బొమ్మ తిరగడానికీ, రొయ్యల చెరువు మీద డ్రోను తూలకుండా ఉండడానికీ, బీపీ మిషనుకీ ఆ జాతి బిళ్ళలేనండి."

"ఇన్ని తెలిసినదానికి కాయ ఒలవడం తెలీదా?"

"ఎవరూ నేర్పలేదండి."

"అయితే మీరు నేర్పండి," అని గడియారం ఆయన చేతికి కట్టి కాయ ఇచ్చాను.

మూడో పోటుకి జివ్వుమంది. ఆయన చకచకా చదివి, పడలేదని నొక్కేశారు. కాయకి మాత్రం పీచు డొక్క ఊడలేదు.

"అన్నయ్యగారూ, ఈ నీళ్లు అల్లుడుగారికి ఇవ్వమంటారా?" అంది చెల్లెమ్మ.

కూతురు నవ్వు ఆపుకోలేకపోయింది. ఒలిచేంతసేపూ గడియారం దొడ్లో పాక మేకుకి వేలాడొచ్చని, మధ్యమధ్యలో చెల్లెమ్మ తొంగి చూడాలని తేల్చింది. ఒలుపు నాకు మిగిలింది.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు: నా కూతురు, అల్లుడుగారు, ఎదురింటి చెల్లెమ్మ, నిలబడే ఉన్న నేను.