రాఖీ కట్టుమన్నది సాలి

చివ్వెంలలో బస్సెక్కినప్పటి నుంచి సాలి ల్యాబ్ తాళంచెవిని కొంగుకు ముడేస్తూ విప్పుతూనే ఉంది. సూర్యాపేట శివార్లలోని కాలేజీలో ఆమె కెమిస్ట్రీ ల్యాబ్ అటెండర్. గాజు సామాను కడగడం, యాసిడ్ సీసాలు సర్దడం, తాళం వేయడం ఆమె పని. ఇన్నేళ్లలో ఆమెను పిలిచి కూర్చోబెట్టి అభిప్రాయం అడిగినవాళ్లు లేరు. ఇవాళ విచారణ కమిటీ ముందు సాక్ష్యం చెప్పాలి.

"ఏం సూడలేదని అను, ఖతం," అన్నాడు పొద్దున మత్తయ్య. ఆమె భర్త, మిర్యాలగూడ రైసుమిల్లులో హమాలీ.

"సూసిన గదా."

"నీది కాంట్రాక్టు కొలువు. గా సారుది పర్మినెంటు. గది సూసినవా మరి?"

"నువ్వు బస్తాలు మొయ్యి. నాకు సుద్దులు చెప్పకు."

మాట గట్టిగానే అంది గానీ, టిఫిన్ డబ్బా ఇంట్లోనే మరిచిపోయి బయల్దేరింది.

ఫిర్యాదు చేసిన పిల్ల శ్రీలతది వేములపల్లి. ఎమ్మెస్సీ చదువుతూ హాస్టల్లో ఉంటుంది. ఆగస్టులో ఒకరోజు సింకు దగ్గర చేతులు కడుక్కుంటూ కుళాయి కట్టేయడం మరిచిపోయి నిలబడింది. ఏమైందని సాలి అడిగితే చెప్పింది. బ్యూరెట్ గొట్టంలో రీడింగ్ చూపిస్తానని, ల్యాబ్ చూసే లెక్చరర్ సారు వెనకాల చేరి నడుం మీద చెయ్యేశాడట. సాలికి అది కొత్త సంగతి కాదు. అంతకుముందే ఒకసారి సారు ఆ పిల్ల మీద అలాగే చెయ్యేయడం తలుపు సందులోంచి చూసింది. చూసి, బకెట్ చప్పుడు చేసి పక్కకు తప్పుకుంది.

"రాఖీ పున్నం వస్తుంది గదా బిడ్డా," అంది ఆ రోజు. "అందరి ముంగట సారుకు రాఖీ కట్టు. అన్నా అని పిలువు. ఇగ సిగ్గొస్తది."

"సిగ్గు రాకపోతే అక్కా?"

"ఎందుకు రాదు? మా ఊర్ల గిట్లనే చేస్తరు."

అబద్ధం కాదు. సాలి వయసులో ఉన్నప్పుడు వెంటపడిన ఒకడు రాఖీ కట్టించుకున్నాక ఆమె ఎదురైతే దారి మార్చుకునేవాడు. వాడి చేతిలో ఇంటర్నల్ మార్కులు లేవన్న సంగతి ఆమెకు అప్పుడు తట్టలేదు.

శ్రీలత రాఖీ కట్టింది. సారు నవ్వుతూ ఫొటో తీయించుకుని డిపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాడు. ఆ తర్వాత "చెల్లె, జర ఉండు" అని అందరూ వింటుండగానే ఆపేవాడు. చెల్లెలినే కదా అని ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. దసరా సెలవుల తర్వాత ఓ సాయంత్రం ఆ పిల్ల చున్నీ వదిలేసి ల్యాబ్ నుంచి పరుగెత్తింది. మర్నాడు ఫిర్యాదు రాసిచ్చింది. కమిటీ వాళ్లు మొదట అడిగింది రాఖీ గురించే. సారు ఫొటో చూపించాడు.

నిన్న ఆయన సాలి పక్కనే నిలబడి, ఆమె కడిగిన ఫ్లాస్కును వెలుతురుకు పట్టి చూశాడు. "నీ రెన్యువల్ కాయితం నా దగ్గర్నే ఉన్నది సాలమ్మా. జర సూసి మాట్లాడు." గొంతులో కోపం లేదు. ఆమెను రాత్రంతా పడుకోనివ్వనిది ఆ నెమ్మదే.

కమిటీ గదిలోకి వెళ్లేసరికి ఊళ్లో పంచాయితీకి కూర్చోబెట్టినట్టు ఆయననూ అక్కడే కూర్చోబెట్టారు. సాలి కుర్చీ అంచున కూర్చుంది. కమిటీకి పెద్ద యశోద మేడం. కోదాడ మనిషి.

"ఏమ్మా, ఆ అమ్మాయి సార్‌కి రాఖీ కట్టడం నువ్వు చూశావా?"

"సూసిన మేడం."

సారు కుర్చీలో వెనక్కి వాలాడు.

"తనంతట తనే కట్టిందా?"

ఈ ఒక్కదానికి అవునంటే బయటపడొచ్చు.

"కట్టుమన్నది నేనే."

"నువ్వా? ఎందుకు చెప్పావమ్మా?"

సాలి సారు వైపు చూసి తలదించుకుంది. యశోద మేడం ఇద్దరినీ చూసి పెన్ను కింద పెట్టింది. "సార్, మీరు కాసేపు బయట కూర్చోండి. ముందే పంపాల్సింది, మాదే పొరపాటు."

ఆయన వెంటనే లేవలేదు. లేచాక కూడా సాలి కుర్చీ వెనక నుంచి, అవసరం కన్నా దగ్గరగా నడిచి వెళ్లాడు.

తలుపు మూసుకున్నాక ఆమె చెప్పింది. సందులోంచి చూసింది, బకెట్ చప్పుడు చేసింది, ఆ పిల్ల వద్దంటే తిట్టి మరీ రాఖీ కొనిపించింది. "అన్న మీది ప్రేమతోని కట్టలే మేడం. భయానికి కట్టింది. నాకు గంతకన్న తెలివి తోచలే."

టైపు చేసిన కాగితం ముందు పెట్టారు. "నీ మాటలే. సంతకం పెట్టు. ఇందులో ఒక కాపీ సార్‌కీ ఇస్తాం."

"సారుకు గూడనా?"

"ఇవ్వాలమ్మా. రూలు."

సాలి చేతులు కొంగుకు తుడుచుకుని పెన్ను అందుకుంది. తర్వాత వంకర టింకరగా పేరు రాసింది.

"రేపు ల్యాబ్ తాళం నేనే తీయాల్నా మేడం? సారు గూడ గాడనే ఉంటడు గదా."

యశోద మేడం పక్కనున్న వాళ్ల ముఖాలు చూసింది. వాళ్లు కాగితాలు సర్దుకుంటున్నారు.