అమ్మ గిన్నె మూత

నిన్న వికారాబాద్‌లో మా చర్చి సంఘ పెద్ద ఇంట్లో క్రిస్మస్ విందు. వాళ్ల కోడలు ఓవెన్ తలుపు తీయగానే కాలిన బెల్లం, లవంగాల వాసన గుప్పుమంది. పంది తొడ. ఇప్పుడు దాని పేరు హామ్ అట.

తాండూరు నేస్తాల్లారా, మా అమ్మ కూడా ఇలాగే వండేది, గుర్తుందా? తొడ నిండా లవంగాలు గుచ్చి, బెల్లం పాకం పూసి, గిన్నె మూత మీద నిప్పులు పోసేది. తోలు ఎర్రగా మెరిసేది. మనం నాలుగో తరగతిలో ఉండగా అమ్మ ఆ గిన్నెను సంఘ విందుకు మోసుకొచ్చింది. అప్పట్లో తాండూరులోనే ఉండే ఈ సంఘ పెద్దగారి భార్య, "పంది కూర బల్ల మీద పెడ్తవా? తీస్కపో, మా పిల్లలు తినరు" అంది. అమ్మ మూతైనా తీయకుండా గిన్నె ఎత్తుకుని ఇంటికి నడిచింది.

నిన్న ఆవిడే నా ప్లేటులో ముక్క వేస్తూ, "జర తిను బిడ్డా, మస్తుగుంది. మా కోడలు చేసింది" అంది.

నేను ఎవరి ముందూ గొంతు పెంచను. నిన్నా పెంచలేదు.

"మా అమ్మ గిన్నె మూత తియ్యనియ్యలే గదా అత్తమ్మా మీరు" అని ప్లేటు బల్ల మీద పెట్టేశాను.

పొద్దున్నుంచి క్షమించే మనసిమ్మని ప్రార్థిస్తున్నాను. చివర ఆమెన్ అనడానికి మాత్రం నోరు రావడం లేదు.