పాలపళ్ల గాట్లు

అరకులో ఉద్యోగానికి వచ్చిన కొత్తలో నాకు ఆదివారాలు గడిచేవి కావు. నా వెంటపడి ఇంట్లో చొరబడ్డ ఒక ఊరకుక్క తప్ప పలకరించే దిక్కు లేదు. ఆ కుక్క నా వెంట ఉండటం చూసి టీచరమ్మ నన్ను తన ఇంటికి పిలిచింది. ఆవిడ మిషన్ బడిలో చదువు చెప్పి రిటైరైన మనిషి, ఒంటరిగా ఉంటుంది. చర్చిలో ఆరాధన ముగిశాక ఆవిడ వరండాలో కుక్కలున్న వాళ్లమంతా వాటితో సహా చేరేవాళ్లం. టిఫిన్ కొట్టు ఆవిడ, సాలూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ జీపు డ్రైవరు, నేను, ఇంకా కొందరం. చర్చికి వెళ్లేవాళ్లూ, వెళ్లనివాళ్లూ.

మా మాటలు బయటివాళ్లు వింటే నవ్విపోతారు. ఎవరి కుక్క చోడి అంబలి తాగుతుంది, ఎవరిది గొడుగు చూస్తే మంచం కింద దూరుతుంది, ఎవరిది చర్చి గంటకు గొంతు కలుపుతుంది. చెప్పిందే వారం వారం చెప్పినా ఎవరూ విసుక్కునేవాళ్లు కాదు. మిగతా రోజుల్లో అవే ముచ్చట్లు వాట్సాప్ గ్రూపులో నడిచేవి. ఆఫీసులో పక్క సీటాయన "ముందు మనుషుల సంగతి చూడండి" అని దెప్పేవాడు. "మీరు చూస్తున్న తీరు చూస్తూనే ఉన్నాం కదండీ" అనేదాన్ని.

కిందటి వానాకాలం చివర్లో, కాఫీ తోటల దారిలో దొరికిన నల్ల కుక్కపిల్లను టీచరమ్మ ఇంటికి తెచ్చుకుంది. పాత కుక్క పోయాక ఇంకొకటి పెంచనని ఒట్టు పెట్టుకున్న మనిషి. ఆ ఆదివారం అది అందరి ఒళ్లూ ఎక్కి దిగింది. దొరికిన వేలినల్లా కొరికింది. సూదుల్లాంటి పాలపళ్లు. చేతుల మీద పడ్డ ఎర్రగీతల్ని ఫొటోలు తీసి, నాకెక్కువంటే నాకెక్కువని గ్రూపులో పెట్టుకున్నాం. టీకా వేసే వయసు దానికింకా రాలేదు. రాగానే వేయిద్దామని టీచరమ్మ అంది.

వారం తిరక్కుండానే అది తిండి మానేసింది. నోట్లోంచి చొంగ కారేది, నీళ్లు మింగలేకపోయేది, వెనక కాళ్లు ఈడ్చేది. పశువుల డాక్టరు వచ్చి చూసి, దాన్ని ముట్టుకున్న వాళ్లంతా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలన్నాడు. ఆ సంగతి ఆవిడ గ్రూపులో రాయలేదు. ఒక్కొక్కరికీ తనే ఫోన్ చేసింది.

"అమ్మా, దానికి పిచ్చి పట్టినట్టుందంట. నీ చేతి మీద గాటుంది కదా. బేగి ఆస్పత్రికెళ్లు. నన్ను తిట్టుకో, కానీ వెళ్లు."

మర్నాటికి అది పోయింది.

ఆస్పత్రి బెంచీ మీద మళ్లీ మేమే. టిఫిన్ కొట్టు ఆవిడ ఏడుస్తూ కూర్చుంది, ఆ ఆదివారం వెంట తెచ్చుకున్న మనవరాలికి కూడా గాట్లు పడ్డాయి. సకాలంలో సూది పడితే భయం లేదని నర్సు ఎంత చెప్పినా, మంచినీళ్లు తాగిన ప్రతిసారీ గొంతు దిగుతోందా లేదా అని చూసుకునేదాన్ని. మా కుక్కలకూ సూదులు వేయించి పెరళ్లలో కట్టేశాం. గ్రూపు మూగబోయింది. కుక్కపిల్లను పోగొట్టుకున్న మనిషి ముందు మన ముచ్చట్లేం పెడతామని కొందరు, ప్రాణం మీదికి తెచ్చిందన్న కోపంతో కొందరు. నాలో ఆ రెండూ ఉన్నాయి.

ఆఖరి సూదికి అందరం ఒకే రోజు వెళ్లాం. టీచరమ్మ బెంచీ చివర, గోడ వారన కూర్చుంది. పక్కన చోటున్నా ఎవరూ కూర్చోలేదు. చాలాసేపటికి డ్రైవరు వెళ్లి కూర్చున్నాడు.

"ఏటి, నీ గుంటడు ఎలాగున్నాడు?" అని అతని కుక్క గురించి అడిగింది ఆవిడ.

అతను నా వైపు చూశాడు. చెప్పొచ్చో లేదో తేల్చుకోలేకపోతున్నాడు.

"నిన్న జీపు సీటంతా పీకీసినాడు టీచరమ్మా. కట్టేత్తే ఆడికి కోపం."

"ఫొటో తీసావా?"

తీశాడు. ఎవరికీ పంపలేదు, అంతే. ఆవిడ ఫోన్ అందుకుని, వేళ్లతో బొమ్మను పెద్దది చేసి, చిరిగిన సీటునూ దాని పక్కన తల దించుకున్న కుక్కనూ చూస్తూ ఉండిపోయింది. కళ్లు తుడుచుకుంది.

"కుక్కల్ని ఇప్పుడే తేవద్దు. డాక్టరు చెప్పేదాకా ఆగుదాం. కానీ మాటలు కూడా మానేస్తారేటర్రా? ఇంట్లో చప్పుడే లేదు" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఇంతలో నర్సు పిలిస్తే ఆవిడ లేచి లోపలికి వెళ్లింది.

ఆ సాయంత్రం పెరట్లో గొలుసుతో కట్టేస్తే పడుకున్న నా కుక్కను ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. ఏం రాయాలో తోచక ఏమీ రాయలేదు. కాసేపటికే టీచరమ్మ దగ్గర్నుంచి జవాబొచ్చింది.

"ఎడం చెవి దగ్గర పిడుదు పురుగు పట్టి ఉంది. బేగి తియ్యి."