‘ముట్టుకోండి’ అని రాసిన గది

ఆ రోజు కార్ఖానాలో నా బీడీలు తిరిగొచ్చాయి. మా ఊరు ఎడపల్లి దగ్గర. పొలం పనులు లేని రోజుల్లో మా ఊరి ఆడవాళ్లం గంగమణి వాకిట్లో చేరి బీడీలు చుడతాం. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, వేళ్ల మధ్య దొర్లించి దారం కట్టాలి. ఆ పనికి కళ్లు అక్కర్లేదు. ఊరి ముచ్చట్లన్నీ చెప్పుకుంటూ చుడుతుంటాం, వేళ్లకు అన్నీ తెలుస్తాయి. పెళ్లై ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచి నా బీడీకి వంక పెట్టినవాళ్లు లేరు. అలాంటిది ఆ రోజు కార్ఖానా మనిషి నా కట్ట నొక్కి చూసి, “ఏందమ్మా లతా, గాలి సుట్టుకొచ్చినవా? తంబాకంత రాలుతున్నది” అని అందరి ముందూ అన్నాడు. నవ్వేశాను గానీ ముఖం మండిపోయింది.

నిజానికి కొన్నాళ్లుగా కుడిచేతి చివరి రెండు వేళ్లలో ఆకు పట్టుకున్నట్టే తెలియడం లేదు. గంగమణిని అడిగితే, “తంబాకు తిమ్మిరక్క. మా అవ్వకు గూడ గిట్లనే అయ్యేది” అంది. మా దగ్గర అందరికీ ఉన్న నమ్మకమే అది. వేళ్లు మొద్దుబారితే తంబాకు మీద, నడుము నొస్తే కూర్చునే పని మీద తోసేస్తాం. మోచేతి కింద వెలిసిపోయిన రంగులో ఒక మచ్చ ఉంది. దురద లేదు, నొప్పి లేదు. మెడికల్ షాపులో అడిగి తామర మందు తెచ్చుకుని రాశాను. వీపు మీద కూడా అలాంటివి ఉన్నాయని మా అత్త చెప్పింది. వాటికీ అదే మందు రాయించుకున్నాను.

ఒక సాయంత్రం జొన్నరొట్టెలు చేస్తున్నాను. గంగమణి ఏదో పని మీద వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఏం మాడుతున్నదక్కా? రొట్టె వాసన కాదిది.”

కాలుతున్న పెనం మీద నా చిటికెన వేలు ఉంది. నేను తన వైపు తిరిగి మాట్లాడుతూ కూర్చున్నాను. గంగమణి అరిచి నా చెయ్యి లాగింది. బొబ్బ లేచిన వేలిని చూస్తూ, “నొస్తలేదా?” అని అడిగింది. నొప్పి లేదని చెప్పడానికి సిగ్గేసింది. “నొస్తున్నది” అని అబద్ధం చెప్పాను.

మర్నాడు సర్కారు దవాఖానకు పోయాను. డాక్టరు కుర్ర పిల్లవాడు. “కళ్లు మూసుకోమ్మా. నేను ముట్టుకున్న కాడ నీ వేలుతోటి సూపియ్యి” అన్నాడు. కళ్లు మూసుకుని కూర్చున్నాను. ఎంతకీ మొదలుపెట్టడం లేదు. ఫోను చూస్తున్నాడేమో అనుకుని, “ఎప్పుడు ముట్టుకుంటరు సారూ?” అని అడిగాను. కళ్లు తెరిస్తే ఆయన చేతిలో దూది, బాల్‌పెన్ను కనిపించాయి. మచ్చ మీద పెన్నుతో గుచ్చిన గుర్తులున్నాయి.

“లెప్రసీ అనిపిస్తున్నది. స్మియర్ టెస్టు చెయ్యాలె. భయపడకు, మందులు ఫ్రీగ ఇస్తరు, తక్కువైతది” అన్నాడు. తక్కిన మాటలేవీ నా చెవికెక్కలేదు. చిన్నప్పుడు మా ఊళ్లో పెద్దరోగమని ఒక ముసలాయనకు ఊరి బయట అన్నం పెట్టేవాళ్లు. నాకు ఆయన ముఖం గుర్తులేదు, ఆయన గిన్నె గుర్తుంది.

డిచ్‌పల్లి దగ్గరున్న పెద్ద కుష్ఠు దవాఖానకు పంపారు. ఆ స్టాపులో దిగేవాళ్లను బస్సులో అందరూ ఒకసారి ఎగాదిగా చూస్తారని నా భయం. అందుకే యూనివర్సిటీ దాకా టికెట్టు తీసుకుని, అక్కడ దిగి ఎండలో వెనక్కి నడిచేదాన్ని. మెడలో పుస్తెలతాడు, చేతిలో దవాఖాన సంచి పెట్టుకుని ఏ క్లాసుకు పోతున్నానని జనం అనుకున్నారో మరి.

చెవి తమ్మె దగ్గర చిన్న గాటు పెట్టి స్మియర్ తీశారు. మల్టీబాసిల్లరీ, అంటే క్రిములు ఎక్కువున్న రకం అన్నారు. ఎం.డి.టి. అనే మందులు ఏడాది వాడాలన్నారు. మొదటి పెద్ద డోసు దవాఖానలోనే మింగించి డాక్టరమ్మ, “మూత్రం ఎర్రగ వస్తది, ఒళ్లు నల్లబడ్తది, తర్వాత మామూలైతది. ఇంకో మాట చెప్తున్న, మంచిగ ఇను. మందు మొదలైందంటే నీ నుంచి ఎవ్వరికి అంటదు. కంచాలు వేరు పెట్టకు, పక్కలు వేరు పెట్టకు” అంది.

బుద్ధిగా తలూపాను. ఇంటికొచ్చి ఆ రాత్రే కంచం, గ్లాసు, చాప అన్నీ వేరు పెట్టుకున్నాను.

ఎవరూ పెట్టమనలేదు. మా ఆయన చెరుకు ట్రాక్టరు నడుపుతాడు, తక్కువ మాటల మనిషి. “డాక్టరేమన్నది?” అని ఒకసారి అడిగాడు. “నరాల జబ్బట” అన్నాను. మా అత్తకు మాత్రం నిజం చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “ఊళ్లె ఎవ్వలకు చెప్పకు బిడ్డ” అంది. నాకూ అదే కావాలి. గంగమణి వాకిలికి పోవడం మానేశాను. పిలవడానికొస్తే కామెర్లన్నాను, తర్వాత నడుమునొప్పన్నాను. మా బిడ్డ స్వప్న అప్పుడు ఏడో తరగతి. నా పక్కలో పడుకునే పిల్లను అత్త దగ్గర పడుకోమన్నాను. చెయ్యి పట్టుకోబోతే ఏదో పని ఉన్నట్టు లేచిపోయేదాన్ని. కొన్నాళ్లు ఏడ్చింది. తర్వాత అడగడం మానేసింది. హమ్మయ్య, అలవాటుపడింది అనుకున్నాను. ఇప్పుడా మాట రాస్తుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తోంది.

మందు సగంలో ఉండగా మచ్చలు ఎర్రగా ఉబ్బాయి, మోచేతి నరం తాడులా గట్టిపడింది. రాత్రిళ్లు ఆ నొప్పికి మూలిగేదాన్ని. “రియాక్షన్ వచ్చింది. రోగం ముదిరినట్టు కాదు. మోచేతి కాడ అల్నార్ నర్వ్ వాచింది” అని డాక్టరమ్మ స్టెరాయిడ్లు మొదలుపెట్టింది. నరం నొప్పి పోయింది గానీ అప్పటికే చివరి రెండు వేళ్లు లోపలికి ముడుచుకున్నాయి. “ఎందుకు ఆలస్యంగ వచ్చినవమ్మా?” అని ఆమె అడిగితే ఏం చెప్పను? బస్సు దిగడానికి సిగ్గుపడి రెండు నెలలు పోలేదని చెప్పలేదు. మందుల కోర్సు పూర్తయింది. “ఆర్.ఎఫ్.టి., అంటే మందుల నుంచి విడుదల, ఇక నువ్వు పేషెంటువు కాదు” అన్నారు. ఒళ్లు నలుపు తగ్గుతూ వచ్చింది. వేళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. చెయ్యి కొంగులో దాచుకోవడం నాకు అలవాటైపోయింది.

వ్యాయామాలు చేయించే ఫిజియో మేడం ఒకరోజు, “లతా, నిజామాబాద్‌ల మ్యూజియం ఉన్నది. నెలకోసారి రెండో శనివారం మీలాంటోళ్లను, వేరేవేరే బాధలున్నోళ్లను అందర్ని పిలుస్తున్నరు. బొమ్మలు చూపిస్తరు, మట్టితోటి ఏదో చేపిస్తరు. వస్తవా?” అంది. నాకు నవ్వొచ్చింది. మ్యూజియమంటే స్కూలు పిల్లలు వరసగా నడిచే చోటు. నరానికి మందు అడిగితే బొమ్మలు చూడమంటోంది అనుకున్నాను. కానీ ఇంట్లో గోడలు చూసీ చూసీ విసుగెత్తి ఉన్నానేమో, ఆ శనివారం బయల్దేరాను.

మ్యూజియంలో పాత రాతి విగ్రహాలు, కత్తులు, నాణేలు, వెండిపూలు పొదిగిన సామాను ఉన్నాయి. ప్రతిచోటా ‘ముట్టరాదు’ అని బోర్డు. అది చదివితే నాకు ప్రాణం కుదుటపడింది, ఎవరి చెయ్యీ దేన్నీ తాకనక్కర్లేదు కదా అని. చివర్న ఒక గదిలోకి తీసుకెళ్లారు. అక్కడ విగ్రహాల నకళ్లు బల్లల మీద పెట్టి, ‘దయచేసి ముట్టుకోండి’ అని రాసి ఉంది. చూపు లేనివాళ్ల కోసం మొదలుపెట్టి, తర్వాత అందరికీ తెరిచారట. అందరూ ముందుకు పోయారు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. అక్కడ ఒకటే నియమం, ఎవరి జబ్బు ఏమిటని ఎవరూ అడగకూడదు. నా జబ్బు మాత్రం నా వేళ్ల మీద రాసి ఉంది.

ఆ గది చూపించే మ్యూజియం మేడం మంచి మనిషే. నన్ను చూసి, “లతగారూ, ఈ విగ్రహానికి చేతులు విరిగిపోయినా ఎంత అందంగా ఉందో చూడండి” అంది. నాకు ఒళ్లు మండింది.

“రాయి పక్కపొంటి కూసోనికి ఎవ్వలు భయపడరు మేడం” అన్నాను.

ఆమె ముఖం ఎర్రబడింది. “తప్పుగా అన్నాను, క్షమించండి” అంది. ఆ తర్వాత ఎప్పుడూ నా వైపు చూసి అలాంటి మాట అనలేదు.

అప్పుడే నా పక్కనుంచి ఎవరో, “ఏమ్మా, ఎవరున్నారక్కడ? కాస్త నా చెయ్యి పట్టుకుని ఆ బొమ్మ మీద పెట్టు” అన్నారు. ఆమె అన్నపూర్ణమ్మ గారు. బోధన్ వైపు కాలువ కింద చెరుకు వేసే కోస్తా కుటుంబం. షుగరుతో చూపు పోయింది. “చెరుకు పండించుకునేవాళ్లం, షుగరు మమ్మల్ని వదుల్తుందా!” అని తనే నవ్వేది. నేను ఎడమచెయ్యి ఇచ్చేలోపే ఆమె తడుముకుంటూ నా కుడిచెయ్యి పట్టేసుకుంది. ఆమె పట్టుకున్న సంగతి ఆ రెండు వేళ్లకు తెలియలేదు. కంటితో చూశాకే నాకు తెలిసింది. ఏడాదిన్నర దాటింది, దవాఖానవాళ్లు తప్ప నన్ను ముట్టుకున్న మనిషి లేదు. లాక్కుందామనుకున్నాను, చెయ్యి రాలేదు.

“ఏముందమ్మా దీని మీద?”

“గుర్రం ఉన్నదమ్మా. మీద కత్తి పట్టుకొని ఒకడున్నడు.”

“గుర్రమేంటే, ఈ చెవులు చూడు! గాడిదనెక్కాడేమో మీవాడు.”

ఇద్దరం నవ్వాం. రాయి గరుకో నునుపో ఆమె చెప్పింది, ఏ బొమ్మ ఏమిటో నేను చెప్పాను. చాయ్ తాగుతుంటే ఆమె నా వేళ్లు తడిమి, “ఇవెందుకు ఇలా వంకరపోయాయి?” అని అడిగింది. నియమం గుర్తులేనట్టుంది. నాకు అబద్ధం చెప్పే ఓపిక అయిపోయింది. “లెప్రసీ వచ్చిందమ్మా. తక్కువైంది” అన్నాను.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత నెల నేను పోతే ఆమె మ్యూజియానికి రాలేదు.

నేను ఇంటికొచ్చి చాప మీద పడి ఏడ్చాను. ఇక పోకూడదనుకున్నాను. ఫిజియో మేడం బతిమాలితే మూడో నెల పోయాను. అన్నపూర్ణమ్మ గారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. నా గొంతు వినగానే, “ఇటు రా లతా” అని పిలిచారు.

“అబద్ధం ఎందుకు చెప్పాలి, భయమేసింది. ఇంటికెళ్లి సబ్బుతో కడుక్కున్నాను కూడా. తర్వాత మా కంటి డాక్టర్ని అడిగాను. కోర్సయిపోయినవాళ్ల నుంచి రాదన్నారు. రాదంటే రాదు. ఆ చెయ్యిలా ఇయ్యి” అన్నారు.

చెయ్యి ఇచ్చాను. సబ్బుతో కడుక్కున్నానని ముఖం మీదే చెప్పినా నాకు కోపం రాలేదు. డాక్టరు ఒక్కసారి చెబితే ఆమె నమ్మింది. అదే మాట డాక్టరమ్మ నాకు నెలనెలా చెప్పింది. నేను ఒక్కనాడూ నమ్మలేదు. ఆ సంగతి అప్పుడు తట్టింది గానీ ఇంటికి పోయి మాత్రం ఏమీ మార్చలేదు. కంచం వేరే, చాప వేరే.

తర్వాత నెల మా అత్త చుట్టాల పెళ్లికి పోవడంతో స్వప్నను వెంట తీసుకుపోక తప్పలేదు. పిల్ల ఆ గదిలో ఒక మూల కూర్చుని చూసింది. నేనూ అన్నపూర్ణమ్మ గారూ చెయ్యి చెయ్యి పట్టుకుని మట్టి పిసుకుతున్నాం, వాదించుకుంటున్నాం, నవ్వుకుంటున్నాం. ఇంటికొచ్చే బస్సులో స్వప్న కిటికీ వైపు తిరిగి, “అమ్మా, ఆ అమ్మమ్మ చెయ్యి పడ్తవ్. నా చెయ్యి ఎందుకు పట్టవ్?” అంది.

జానకంపేట దాటిన తర్వాత జబ్బు సంగతి పేరుతో సహా చెప్పాను. నీకు అంటుతుందని భయపడ్డానన్నాను. పిల్ల నా వైపు తిరిగింది.

“గంతేనా? నా మీద కోపమొచ్చిందనుకున్న” అంది. “నేనేం తప్పు చేసిన్నో ఎంత సోచాయించినా తెలువలే.”

రెండేళ్లు ఒక పసిపిల్ల తన తప్పేమిటో వెతుక్కుంది. రోగం వచ్చిందని నేను పడ్డ సిగ్గు దీని ముందు ఎంత! కండక్టరు, పక్క సీటువాళ్లు చూస్తున్నా ఆ ముడుచుకున్న వేళ్లతోనే దాని చెయ్యి పట్టుకున్నాను. గట్టిగా పట్టానో వదులుగా పట్టానో నాకు తెలియదు. “నొస్తున్నదమ్మా” అని అదే చెప్పింది, చెయ్యి మాత్రం తీసుకోలేదు.

ఆ రాత్రి మా ఆయనకూ చెప్పాను. “దవాఖాన చీటీ మీద ఎప్పుడో చూసిన. నువ్వే చెప్తవని ఊకున్న” అన్నాడు. ఇప్పుడు అందరం కలిసే తింటున్నాం. గంగమణికి కూడా చెప్పాను. ఆమె వాకిట్లో ఒకామె నన్ను చూస్తే తన బీడీల చాట పక్కకు జరుపుకుంటుంది, గంగమణి మాత్రం నా పక్కకే జరుగుతుంది. బీడీలు చుట్టలేను, కట్టలు సర్దుతాను. ఒకప్పటి నా చేతిపని తలుచుకుంటే ఇప్పటికీ కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. సిగ్గు పూర్తిగా పోయిందని చెప్పను. కొత్తవాళ్లు కనిపిస్తే చెయ్యి ఇంకా కొంగు కిందికే పోతుంది. రెండో శనివారం మ్యూజియానికి పోయినప్పుడు మాత్రం కొంగు నడుముకు దోపుకుంటాను.

ఇది చదివేవాళ్లలో ఎవరికైనా ఈ జబ్బు ఉందని తేలితే ఒకటే చెబుతాను. మొదటి రోజే డాక్టరు గదిలోకి ఒంటరిగా పోకండి. ఇంట్లోవాళ్లను, మీ పిల్లలను కూడా లోపలికి తీసుకుపోండి. ‘మందు మొదలైతే ఎవ్వరికీ అంటదు’ అనే మాటను వాళ్ల చెవులతో విననివ్వండి. మీరు నమ్మకపోయినా వాళ్లు నమ్ముతారు, మిమ్మల్ని దూరం పోనివ్వరు.