గంతలో మగ్గిన ఉత్తరం

కప్పదొకియ కొండల్లో కాస్తోర్‌కి తెలియని దారి లేదు, తెలిసిన అక్షరమూ లేదు. ఇద్దరు బిషప్పుల మధ్య ఉత్తరాలు మోసేవాడికి అంతకన్నా ఏం అర్హత కావాలి?

ఆ ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలు. పెద్దాయన లియోంతియోస్, చిన్నాయన హిమేరియోస్. మధ్య రెండు రోజుల ప్రయాణం. నెలకో ఉత్తరం, దాంతోపాటు ఓ జున్నుగడ్డ. జున్ను సగం కాస్తోర్ పొట్టలోకి పోయేది గానీ ఉత్తరం మాత్రం చెక్కుచెదరకుండా చేరేది.

ఓ ఏడు, సరిహద్దులోని చిన్న పల్లె ఎవరి అజమాయిషీ కిందికి వస్తుందని అన్నదమ్ములు మాటామాటా అనుకున్నారు. అంతే, రాతలు ఆగిపోయాయి. మూడేళ్లుగా కాస్తోర్ ఉప్పు మోస్తున్నాడు. ఉప్పు తెచ్చినవాడికి ఎవరు ఎదురొచ్చి కాళ్లకి నీళ్లిస్తారు? అతని బెంగంతా ఆ రెండు గడపల మీదే.

కోతల రోజుల్లో అతని భార్య అమ్మియా, కంచరగాడిద వీపు మీద వేసే గంతలో గడ్డి మారుద్దామని కుట్లు విప్పింది.

"ఏమయ్యోయ్, ఇదేంటి? గంతకి కాన్పయింది!"

ముద్ర కూడా చెదరని ఉత్తరం. కాస్తోర్ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. గొడవైన చలికాలంలోనే పెద్దాయన ఇచ్చింది! తడవకుండా గంతలో దోపాడు. కనుమదారి మంచుతో మూసుకుపోతే వెనక్కొచ్చి నెల్లాళ్లు దగ్గుతో మంచం పట్టాడు. లేచేసరికి ఉత్తరం సంగతే మర్చిపోయాడు.

"పోయి నిజం చెప్పు," అంది అమ్మియా.

"చెబితే ఇద్దరూ గడప తొక్కనివ్వరే! ఊరికే ఇచ్చేస్తా. ఉత్తరం ఏమన్నా పాచిపోతుందా, పులిసిపోతుందా?"

ఆదివారం చర్చిలో, అలవాటు ప్రకారం, కాస్తోర్ తెచ్చిచ్చిన ఉత్తరాన్ని అందరి ముందూ చదివించాడు హిమేరియోస్.

"తమ్ముడూ, మంచు గడప దాటి లోపలికొచ్చింది. జ్వరంతో లేవలేకపోతున్నాను. ఆ పల్లె నువ్వే ఉంచుకో. తప్పు నాదే. ఒక్కసారి వచ్చి మొహం చూపించు."

మిగతాది లేఖకుడు రాసినా, చివరి రెండు మాటలూ పెద్దాయన సొంత చేతిరాత.

జనం చెమటలు తుడుచుకోవడం ఆపి నోళ్లు తెరిచారు. "ఈ ఎండలో మంచేంట్రా నాయనా!" అంది వెనకనుంచి ఓ ముసలమ్మ.

హిమేరియోస్ మొహం పాలిపోయింది. "ఒరే కాస్తోరూ, అన్నయ్య ఎలా ఉన్నాడ్రా?"

"గుండ్రాయిలా ఉన్నారండీ..."

"నాకు దాచకు. జ్వరం తలకెక్కింది. గాడిదకి గంత కట్టు!"

దారి పొడవునా ఆయన గొర్రెతోలు దుప్పటి ఒళ్లో పెట్టుకుని ఏడుస్తూనే ఉన్నాడు. కాస్తోర్ నాలుగుసార్లు "అయ్యగారూ, ఒక మాట" అన్నాడు. నాలుగుసార్లూ "ముందు నడవరా" అనే జవాబే.

తీరా చూస్తే లియోంతియోస్ కళ్లంలో, మోకాళ్లదాకా బట్ట ఎగ్గట్టి, దోసకాయ కొరుకుతూ నిలబడి ఉన్నాడు. హిమేరియోస్ ఒక్క ఉరుకున వెళ్లి దుప్పటి కప్పేశాడు.

"ఒరే ఒరే, ఉడకబెట్టి చంపుతావేంట్రా! ఎవరికి జ్వరం?"

ఉత్తరం చేతిలో పెట్టారు. పెద్దాయన తన రాత తనే చూసుకుని, చివరి రెండు మాటల మీద వేలు పెట్టాడు.

"ఇది మూడేళ్ల కిందటిదిరా. నువ్వు జవాబివ్వలేదని..."

"నాకు అందిందే మొన్న, అన్నయ్యా!"

రెండు గడ్డాలూ ఒకేసారి కాస్తోర్ వైపు తిరిగాయి. అతను దుమ్ములో మోకరిల్లి, గంత సంగతీ దగ్గు సంగతీ చెప్పేశాడు. ఎవరూ అడక్కపోయినా, మూడేళ్లనాటి సగం జున్ను సంగతి కూడా.

ముందు పెద్దాయన నవ్వాడు. దోసకాయ ముక్క గొంతుకి అడ్డంపడేదాకా నవ్వాడు. తమ్ముడు ఆయన వీపు చరిచి, తనూ నవ్వడం మొదలెట్టాడు.

"లేవరా దొంగా," అన్నాడు లియోంతియోస్. "తమ్ముడు పది రోజులు ఇక్కడే ఉంటాడని వాళ్ల ఊరికి కబురు రాస్తాను, పట్టుకుపో. గంతలో మాత్రం పెట్టకు!"

దారిలో ఇంటి దగ్గర ఆగితే, అమ్మియా ఆ ఉత్తరాన్ని అతని చొక్కాకే, గుండె దగ్గర, ఇరవై కుట్లు వేసి బిగించేసింది. ఆదివారం చర్చిలో కుట్లు ఎంతకీ ఊడలేదు. చివరికి చదివేవాడు కాస్తోర్‌ని పీట మీద నిలబెట్టి, మడత విప్పి, గుండె మీదే చదివేశాడు.