మా మేడమ్ చివరి నవలలో హంతకుడు

మా మేడమ్ రాసిన హంతకుణ్ణి ప్రచురణకర్త మార్చేశాడు. ఆవిడ గుండె ఆగి పోయి ఇంకా నెల కాలేదు. కబురొచ్చిన రోజు మా మిరపకాయల షెడ్డులో ఎవరూ పని ముట్టుకోలేదు. ఆవిడ అపరాధ పరిశోధన నవలలకు అవార్డులొచ్చాయని మీకు తెలుసు. వాటిని ఎక్కడ సానబట్టారో తెలియదు.

ఏటా సీజనులో మా షెడ్డుకొచ్చేవారు. తొడిమలు తీస్తున్న మా మధ్య గోనెపట్టా మీద కూర్చుని, ఘాటుకు దగ్గుతూనే, రాసింది చదివేవారు. హంతకుడెవరో మేం ముందే కనిపెట్టేస్తే మళ్ళీ రాయాల్సిందే.

"వాడేనండి మేడమ్ గారూ! ఎవడికీ మంచినీళ్ళు కూడా ఇవ్వనోడు, శవం దగ్గర అందరికీ టీలు పోయిస్తన్నాడు. ఎందుకంట?" అంది ఒకసారి మా పిన్ని.

"నీ నోట్లో మిరపకాయ కొట్ట! మూణ్ణెల్ల రాతే అది!" అని నవ్వుతూ కాగితాలు చింపేశారు. అవార్డు వచ్చిన మర్నాడు ఆ శాలువా తెచ్చి పిన్నికే కప్పారు.

నాకు ఐదో తరగతితో బడి ఆగింది. ఆవిడ చిత్తు కాగితాలు కూడబలుక్కునే చదవడం నేర్చుకున్నాను. "చదివేవాణ్ణి దారి తప్పించు, అబద్ధం మాత్రం చెప్పకు" అనేవారు.

చివరి నవలలో హంతకుడు కోల్డ్ స్టోరేజీ యజమాని. ఇలా బయటపెట్టినందుకు ఆవిడుంటే నా చెవి మెలేసేవారు. అయినా చెప్తున్నాను. శవాన్ని మిరపకాయల బస్తాల వెనక దాచి, అదే చేత్తో కళ్ళు నులుముకుంటాడు. ఎర్రబడ్డ కళ్ళే వాణ్ణి పట్టిస్తాయి. మొన్న మేడమ్ చెల్లెలు గారు అచ్చు ప్రూఫులు చూపించారు. అందులో చంపింది తొడిమలు తీసే కూలామె! కళ్ళు మాత్రం అలాగే ఎర్రబడ్డాయి. ఇరవై ఏళ్ళు మిరపకాయల్లో బతికిన మనిషి ఆ చెయ్యి కంట్లో పెట్టుకుంటుందా? పసిబిడ్డను ఎత్తుకోవాలంటే మోచేతుల దాకా కడుక్కునేవాళ్ళం మేము.

ప్రచురణకర్తకు ఫోన్ చేశాను.

"యజమానులతో మాకెందుకొచ్చిన గొడవమ్మా? కథే కదా, ఎవరు చంపితే నీకేంటి?"

"ఆవిడ రాయనిది ఆవిడ పేరుతో ఎలా వేస్తారండి?"

"ఇప్పుడు ఆవిడొచ్చి అడుగుతుందా?" అని పెట్టేశాడు.

ఆవిడ రాదు. మేం అడుగుతున్నాం. చేతిరాత ప్రతి చెల్లెలు గారి దగ్గర భద్రంగా ఉంది. ప్రచురణకర్త గారూ, చివరి అధ్యాయం ఆవిడ రాసిన అక్షరం అక్షరం వెయ్యండి. వెయ్యనంటే ఆదివారం నుంచి షెడ్డు షెడ్డుకూ తిరిగి నేనే చదువుతాను. జవాబు కాగితం మీద, మీ సంతకంతో, వచ్చే శనివారం సాయంత్రం ఐదింటిలోగా రావాలి.